వాడని కొడవలికే తుప్పు

సంక్రాంతి వెళ్లిన తరువాత గుంటూరు నుంచి నరసరావుపేట వైపో, చిలకలూరిపేట వైపో బస్సులో ప్రయాణం చేసి చూడండి. నల్లరేగడి చేల మధ్య కళ్లాలు, ఆ కళ్లాల నిండా ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు కనిపిస్తాయి. వాటి అంచున కూర్చుని తాలుకాయలు ఏరే వాళ్లను ఎప్పుడైనా పరిశీలనగా చూశారా? వారిలో వయసు మళ్లిన స్త్రీలు చాలామందే ఉంటారు. అరవై ఐదేళ్లు, డెబ్బై ఏళ్లు నిండిన వాళ్లు గంటల తరబడి గొంతు కూర్చుని కాయలు ఏరుతారు. ఎవరైనా పిలిస్తే నేలమీద చేయి ఆనించకుండా లేచి నిలబడతారు.

అదే వయసున్న ఇంకొక అవ్వను తలుచుకోండి. ఆమె మీ వీధిలోనే ఉండవచ్చు, మీ ఇంట్లోనే ఉండవచ్చు. కుర్చీలోంచి లేవాలంటే ఒకరు చేయి అందించాలి. నాలుగు మెట్లు ఎక్కాలంటే ఇద్దరు పట్టుకోవాలి.

“వయసు మీద పడింది, ఏం చేస్తాం!” అంటాం మనం. కాని ఇద్దరి వయసూ ఒకటే కదా! వయసే కారణమైతే ఇద్దరూ ఒకేలా ఉండాలి. రోగాలు, తిండి, వంశ లక్షణాలు కొంత తేడా తెస్తాయి, నిజమే. అయితే వీటన్నిటితోపాటు మన చేతిలో ఉన్న కారణం ఇంకొకటి ఉంది. అదేమిటో ఈ వ్యాసంలో చూద్దాం.

“కాలూ చేయీ ఆడుతుండగానే వెళ్లిపోవాలి నాయనా, మంచాన పడకూడదు” అని పెద్దలు అంటూండడం మీరు వినే ఉంటారు. కాలూ చేయీ ఆడడం అంటే శరీరశాస్త్రం ప్రకారం ఏమిటి? కండరం, ఎముక, కీలు, గుండె, తూకం – ఈ ఐదూ సరిగా పనిచేయడం. ఒక్కొక్కదాన్నే తీసుకుందాం.

కండరం: పని లేకపోతే కూలి లేదు

పొలంలో వాడే సామానంతా వాడేకొద్దీ అరుగుతుంది. నాగలి కర్రు అరుగుతుంది, ట్రాక్టరు టైరు అరుగుతుంది. అందుకని మన దేహం కూడా వాడేకొద్దీ అరిగిపోతుందనీ, పెద్దవాళ్లు కదలకుండా కూర్చుంటే ఎక్కువకాలం మన్నుతుందనీ చాలామంది అనుకుంటారు. కాని చూరులో దోపి మరిచిపోయిన కొడవలి ఏమవుతుంది? తుప్పు పడుతుంది. ఈ విషయంలో మన దేహం టైరు లాంటిది కాదు, కొడవలి లాంటిది. పైగా కొడవలికి లేని గుణం ఒకటి దేహానికి ఉంది. పని పెడితే తనను తాను బాగుచేసుకుంటుంది.

మన శరీరంలో ఆరువందలకు పైగా కండరాలున్నాయి. పత్తి పండే ప్రాంతం వాళ్లు కనుక మీకు ఇది సులభంగా అర్థమవుతుంది. దూది పీచులు కలిసి నూలుపోగు, పోగులు కలిసి దారం, దారాలు కలిసి తాడు అవుతాయి కదా! కండరం కూడా అలాగే సన్నని తంతువుల కట్ట. బరువెత్తినప్పుడు, మెట్లెక్కినప్పుడు ఈ తంతువులు బలంగా ముడుచుకుంటాయి. ఆ పని తరచుగా జరిగితే శరీరం మాంసకృత్తులను అక్కడికి చేర్చి తంతువులను లావు చేస్తుంది.

పని లేకపోతే? శరీరం పొదుపరి రైతు వంటిది. పనిలేని కూలీకి కూలి ఇవ్వదు. వాడని కండరం లోని మాంసకృత్తులను విడగొట్టి వేరే పనికి వాడుకుంటుంది. తంతువులు సన్నబడతాయి. ముప్పై ఏళ్లు దాటాక పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం కండ తగ్గుతుందని శాస్త్రజ్ఞుల లెక్క. అరవై దాటాక ఈ తరుగుదల ఇంకా వేగంగా ఉంటుంది. దీనిలో కొంత వయసు వల్ల వచ్చేదే. కాని ఎంత భాగం వయసు వల్ల, ఎంత భాగం కదలకపోవడం వల్ల? ఈ ప్రశ్నకు జవాబు చెప్పే ఒక ప్రసిద్ధమైన ప్రయోగం ఉంది.

మూడు వారాల మంచం, ముప్పై ఏళ్ల వయసు

1966లో అమెరికాలోని డల్లాస్ నగరంలో వైద్య పరిశోధకులు ఇరవై ఏళ్ల ఆరోగ్యవంతులైన యువకులను ఐదుగురిని ఎన్నుకున్నారు. మూడు వారాలపాటు మంచం దిగకూడదన్నారు. రోగం లేదు, లోటు లేదు, కదలిక మాత్రమే లేదు. మూడు వారాలయ్యాక పరీక్షిస్తే, కష్టమైన పని చేసేటప్పుడు వారి శరీరం ప్రాణవాయువును వాడుకోగల శక్తి నాలుగో వంతుకు పైగా తగ్గిపోయింది! తరువాత కొన్ని వారాలు వ్యాయామం చేయించితే పోయిన శక్తి తిరిగి వచ్చింది.

కథ అక్కడితో ఆగలేదు. ముప్పై ఏళ్ల తరువాత, 1996లో, అదే ఐదుగురిని మళ్లీ పిలిచి పరీక్షించారు. అప్పటికి వాళ్లకు యాభై ఏళ్లు. ఒళ్లు పెరిగింది, శక్తి కొంత తగ్గింది. అయితే ఆశ్చర్యం చూడండి! ముప్పై ఏళ్ల వయసు వారినుంచి తీసుకున్న శక్తి కంటె, యవ్వనంలో మూడు వారాల మంచం తీసుకున్న శక్తే ఎక్కువ! ఆ తరువాత వారిచేత ఆరు నెలలపాటు నడక, నెమ్మది పరుగు, సైకిలు తొక్కడం క్రమంగా చేయించారు. ప్రాణవాయువును వాడుకొనే శక్తి తిరిగి ఇరవయ్యో ఏట, మంచమెక్కక ముందున్న స్థాయికి చేరుకుంది.

దీనినుంచి మనం నేర్చుకోవలసిందేమిటి? జ్వరం వచ్చి పది రోజులు పడుకున్న తాతయ్య లేచాక తూలుతూంటే అది జ్వరం వల్లనే కాదు, పడక వల్ల కూడా. అందుకే ఈనాడు ఆసుపత్రుల్లో శస్త్రచికిత్స జరిగిన రోగులను సైతం, డాక్టరు సలహాతో, వీలైనంత త్వరగా లేపి నడిపిస్తున్నారు.

ఎముక: రోజూ తవ్వి కట్టే గోడ

ఎముక అంటే రాయిలాగ మార్పు లేని వస్తువని మీరు అనుకుంటున్నారా? కాదు. అది బతికున్న కణజాలం. దానిలో రెండు రకాల పనివాళ్లు ఉన్నారు. ఆస్టియోక్లాస్టులు అనే కణాలు పాత ఎముకను తవ్విపోస్తాయి. ఆస్టియోబ్లాస్టులు అనే కణాలు కొత్త ఎముకను కడతాయి. ఏడాదికి మన అస్థిపంజరంలో సుమారు పదో వంతు ఇలా కొత్తదవుతుంది. చిన్నతనంలో కట్టడం ఎక్కువ. సుమారు ముప్పై ఏళ్లకు ఎముక నిల్వ గరిష్ఠ స్థాయికి చేరుతుంది. తరువాత క్రమంగా తవ్వడమే మించుతుంది. స్త్రీలలో ముట్టు ఆగిపోయిన వయసు నుంచి కొన్నేళ్లపాటు ఈ నష్టం మరీ వేగంగా ఉంటుంది.

ఎక్కడ కట్టాలో ఆ కణాలకు ఎలా తెలుస్తుంది? బరువు పడిన చోట కడతాయి. జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో చెప్పిన సూత్రం ఇదే. ఎముకపై పడే బరువును బట్టి ఎముక తన నిర్మాణాన్ని మార్చుకుంటుంది. నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు, బిందె ఎత్తినప్పుడు ఎముకలకు “ఇంకా కట్టండి” అనే సందేశం అందుతుంది.

బరువే లేకపోతే ఏమవుతుంది? అంతరిక్షంలోకి వెళ్లి చూడాలి. అక్కడ నెలల తరబడి భారరహిత స్థితిలో ఉండే వ్యోమగాములకు తుంటి వంటి బరువు మోసే ఎముకల్లో నెలకు సుమారు 1 నుంచి 1.5 శాతం ఎముక నష్టమవుతుంది. వాళ్లు దేహదార్ఢ్యం ఉన్నవాళ్లు. అయినా ఎముకకు పని తగ్గేసరికి నష్టం తప్పలేదు. హైదరాబాదులో చదువుకున్న రాకేశ్ శర్మ గారు 1984 ఏప్రిల్‌లో సాల్యూత్–7 కేంద్రంలో దాదాపు ఎనిమిది రోజులు గడిపి, అక్కడ యోగాసనాలతో ప్రయోగాలు చేశారు. ఈనాటి అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు ఎముకలను, కండరాలను కాపాడుకోవడానికి రోజుకు సుమారు రెండు గంటలు వ్యాయామానికి కేటాయిస్తారు. రోజంతా పడకకుర్చీలో ఉండే అవ్వ భూమిమీదే ఉన్నా, ఆమె కాళ్ల ఎముకలపై పడవలసిన బరువు చాలావరకు పడడం లేదన్నమాట.

కీలు: నడిస్తేనే తిండి

మన కీళ్లలో ఎముక కొనలపై నున్నని మృదులాస్థి పూత ఉంటుంది. దీనిలో రక్తనాళాలు ఉండవు. మరి ఆహారం ఎలా అందుతుంది? తడి స్పంజిని పిండి, వదిలి చూడండి. పిండితే నీరు బయటికి పోతుంది, వదిలితే లోపలికి వస్తుంది. మనం అడుగు వేసినప్పుడు మృదులాస్థి నొక్కుకుంటుంది. కాలెత్తినప్పుడు విప్పుకుని, కీలులో ఉండే జిగట ద్రవం నుంచి పోషక పదార్థాలను పీల్చుకుంటుంది. అంటే మోకాలికి అడుగే అన్నం!

ఈ పాఠం చెప్పినప్పుడల్లా తరగతిలో ఎవరో ఒకరు లేచి అడుగుతారు. “మాస్టారూ, మా తాతయ్య నలభై ఏళ్లు చేలో పనిచేశాడు, మిర్చి టిక్కీలు మోశాడు. అందుకే మోకాళ్లు అరిగిపోయాయంటాడు. మీరేమో ఇంకా కదలమంటారు!”

ఇది చాలా మంచి ప్రశ్న. తాతయ్య మాటలో నిజముంది. ఒకే కీలుపై ఒకే విధంగా, విశ్రాంతి లేకుండా, శక్తికి మించిన భారం ఏళ్ల తరబడి పడితే ఆ కీలు దెబ్బతింటుంది. నలభై కిలోలకు పైబడిన టిక్కీని వీపున వేసుకుని లారీ ఎక్కడం, పొద్దుటినుంచి పొద్దుగూకే వరకు వంగి మిరపకాయలు కోయడం జీవనాధారం కోసం చేసే కాయకష్టం. దాన్ని వ్యాయామం అని పిలిస్తే ఆ కష్టాన్ని మనం చిన్నబుచ్చినట్లే. వ్యాయామంలో ఎంత చేయాలో, ఎప్పుడు ఆపాలో మనం నిర్ణయించుకుంటాం. కూలిపనిలో ఆ స్వేచ్ఛ ఉండదు.

అయితే తాతయ్య ఇప్పుడు పూర్తిగా కూర్చుండిపోతే మోకాలు బాగుపడుతుందా? పడదు. మోకాలిని పట్టి నిలిపేది ముందుతొడ కండరం. అది సన్నబడితే భారమంతా కీలు మీదే పడుతుంది, నొప్పి పెరుగుతుంది. నొప్పి వల్ల ఇంకా తక్కువ నడుస్తాడు, కండ ఇంకా తగ్గుతుంది. ఇది గానుగ చుట్టూ తిరగడం లాంటిది. అందుకే కీళ్లు అరిగినవారికి కూడా డాక్టర్లు తొడ కండరాలను బలపరిచే తేలిక వ్యాయామాలు, తగినంత నడక సూచిస్తున్నారు. మోయడం మానవచ్చు, కదలడం మాత్రం మానకూడదు.

నీరు చేసిన హాని

మన ప్రాంతం సంగతి రాస్తూ ఒక విషయం చెప్పకపోతే అన్యాయం అవుతుంది. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల్లో నడుం వంగిపోయి, మెడ తిప్పలేక, కీళ్లు బిగుసుకుపోయిన పెద్దలు కనిపిస్తారు. ఇది బద్ధకం వల్ల రాలేదు, వయసు వల్లా రాలేదు. బోరునీటిలో ఎక్కువగా ఉన్న ఫ్లోరైడు వల్ల వచ్చింది. ఆ తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1937లో, షార్ట్ అనే వైద్య పరిశోధకుడూ ఆయన సహచరులూ ఈ వ్యాధిని గురించి వైద్య పత్రికలో రాశారు. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. జిల్లా పుట్టకముందే జబ్బు నమోదైందన్నమాట!

లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉంటే ఆ నీరు తాగడానికి పనికిరాదు. ఎక్కువ మోతాదులో ఏళ్ల తరబడి లోపలికి వెళ్లిన ఫ్లోరైడు ఎముకల్లో పేరుకుంటుంది. కీళ్లను కట్టి ఉంచే బంధనాలు కూడా గట్టిపడి, వెన్నెముక కర్రలా బిగుసుకుపోతుంది. అటువంటివారిని “నడవండి, నడవండి” అని వేధించకూడదు. వారికి డాక్టరు సలహా కావాలి. మిగిలినవారికి, ముఖ్యంగా ఎముకలు పెరిగే వయసులో ఉన్న మీకు, సురక్షితమైన నీరు కావాలి. వ్యాయామం గొప్పదే కాని చెడ్డ నీటికి విరుగుడు కాదు సుమా!

గుండె: డ్రైవరూ, కండక్టరూ

వ్యాయామానికీ గుండెకూ ఉన్న సంబంధం బస్సులో బయటపడిందంటే నమ్ముతారా? రెండో ప్రపంచ యుద్ధం తరువాత లండనులో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు బస్సు సిబ్బందిని పరిశీలించాడు. అక్కడివి రెండంతస్తుల బస్సులు. డ్రైవరు పనివేళంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టిక్కెట్లు కొడుతూ రోజుకు ఐదారు వందల మెట్లు ఎక్కి దిగుతాడు. ఇద్దరిదీ దాదాపు ఒకే రకం జీతం, ఒకే రకం జీవితం. అయినా గుండెజబ్బు డ్రైవర్లలో ఎక్కువ, కండక్టర్లలో తక్కువ కనబడింది. 1953లో ఈ ఫలితాలు ప్రకటించినప్పుడు మొదట చాలామంది నమ్మలేదు. తరువాత ఎన్నో దేశాల్లో జరిగిన పరిశోధనలు శరీరశ్రమకూ గుండె ఆరోగ్యానికీ సంబంధం ఉందని నిర్ధారించాయి. మోరిస్ తాను కనిపెట్టిన సంగతిని తానే ఆచరించి, 99 ఏళ్లు జీవించి 2009లో కన్నుమూశాడు.

గుండె కూడా కండరమే కదా! పని ఇస్తే బలపడుతుంది. అంతేకాదు, పనిచేసే కండరాలు రక్తంలోని చక్కెరను పీల్చుకుని ఖర్చు పెడతాయి. మధుమేహం ఉన్న పెద్దలకు డాక్టర్లు నడక చెప్పేది అందుకే.

తూకం: పడకుండా నిలబడే విద్య

ఒంటికాలిమీద నిలబడండి. బాగుంది కదూ? ఇప్పుడు గోడ పక్కన నిలబడి, కళ్లు మూసుకుని అదే పని చేయండి. ఊగిపోతున్నారు! ఎందుకంటే మనం పడకుండా నిలబడడానికి మూడు చోట్లనుంచి కబుర్లు మెదడుకు చేరాలి. ఒకటి కళ్లు. రెండు లోపలి చెవిలోని మూడు అర్ధవృత్తాకార నాళాలు, వాటి పక్కనున్న సంచులు. మూడు పాదాలు, కీళ్లు, కండరాల్లోని నాడుల కొనలు. మీరు కళ్లు మూసుకోగానే ఒక కబురు ఆగిపోయింది.

ముసలితనంలో ఈ మూడూ కొంచెం కొంచెంగా మందగిస్తాయి. పైగా కాలు జారినప్పుడు వెంటనే రెండో కాలు ముందుకు వేసే బలమూ తగ్గుతుంది. తడిసిన స్నానాలగది, చీకట్లో గడప, వాకిట్లో నాచు – వీటిలో ఒకటి చాలు. పడితే తుంటి ఎముక విరుగుతుంది, మంచం తప్పదు. మంచం ఏం చేస్తుందో డల్లాసు ప్రయోగంలో చూశాం కదా! ప్రమాదవశాత్తు గాయాలతో జరిగే మరణాల్లో, రోడ్డు ప్రమాదాల తరువాతి స్థానం పడిపోవడానిదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తూకం కూడా అభ్యాసం వల్ల మెరుగవుతుంది. గోడ పట్టుకుని ఒంటికాలిమీద నిలబడడం, ఒక కాలి వేళ్ల ముందు రెండో కాలి మడమ వేస్తూ గీతమీద నడవడం వంటివి దీనికి ఉపయోగపడతాయి.

తొంభై ఏళ్లకు మొదలుపెట్టినా

“ఇప్పుడింక నా వల్ల ఏమవుతుంది?” అనేది పెద్దల మాట. దీనికి 1990లో అమెరికాలోని బోస్టన్ నగరం నుంచి జవాబు వచ్చింది. అక్కడి ఒక వృద్ధాశ్రమంలో సగటున తొంభై ఏళ్ల వయసున్న పదిమంది బలహీనులచేత డాక్టర్ మరియా ఫియాటరోన్ బృందం కాళ్లతో బరువులు ఎత్తే వ్యాయామం చేయించింది. వారానికి మూడుసార్లు, ఎనిమిది వారాలు, దగ్గర ఉండి పర్యవేక్షిస్తూ. చివరివరకూ చేసినవారి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది! అంటే ముందున్న దానికి రెండున్నర రెట్లు దాటింది. ఇద్దరు చేతికర్ర వదిలి నడిచారు. చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేవలేని ఒకరు లేవగలిగారు. తొంభై ఏళ్ల కండరం కూడా పని చెబితే వింటుందని లోకానికి తెలిసింది.

పంజాబు రైతు ఫౌజాసింగ్ పేరు మీరు వినే ఉంటారు. చిన్నతనంలో కాళ్లు సన్నగా, బలం లేకుండా ఉండి ఐదేళ్ల వరకు ఆయన నడవలేదు. ఎనభై తొమ్మిదో ఏట, 2000 సంవత్సరంలో, లండను మారథాన్ పూర్తిచేశాడు. పాస్‌పోర్టు ప్రకారం నూరేళ్లు నిండాక 2011లో టొరంటోలో 42 కిలోమీటర్ల మారథాన్ ముగించాడు. 2025 జూలైలో సొంత ఊళ్లో రోడ్డు దాటుతూండగా వాహనం ఢీకొని మరణించాడు. అప్పటికి ఆయన వయసు 114 ఏళ్లని పత్రికలు రాశాయి. చివరి రోజున కూడా ఆయన తన కాళ్లమీద తాను నడుస్తూనే ఉన్నాడు.

అందరూ పరుగులు తీయనక్కరలేదు. మచిలీపట్నంలో 1929లో పుట్టిన భౌతికశాస్త్ర ఆచార్యులు చిలుకూరి శాంతమ్మ గారు మోకాళ్లకు శస్త్రచికిత్సలు జరిగినా, తొంభై దాటాక కూడా చేతికర్రల సాయంతో విశాఖపట్నం నుంచి విజయనగరం వెళ్లి విద్యార్థులకు పాఠాలు చెప్పారు. కర్ర పట్టుకోవడం ఓటమి కాదు. కర్ర పట్టుకుని నడవడం గెలుపు.

మన ఇళ్లలో వచ్చిన మార్పు

ఇప్పుడు మన ఊళ్లకు తిరిగి వద్దాం. ఒకప్పుడు బావినుంచి నీళ్లు తోడడం, తిరగలి విసరడం, వేసవిలో రోకళ్లతో కారం దంచడం ఇళ్లలో రోజువారీ పనులు. చేలోకి వెళ్లాలంటే నడకే. ఇప్పుడు కుళాయి, మిక్సీ, కారం మర, మోటారు సైకిలు వచ్చాయి. ఇవి వచ్చినందుకు సంతోషించాలి. ముఖ్యంగా ఆడవాళ్ల వీపు విరిగే చాకిరీ తగ్గింది. కాని ఆ పనులతోపాటు దేహానికి అందే కదలిక కూడా పోయింది. దాని స్థానంలో మనం వేరేదేదీ పెట్టలేదు.

పైగా, డెబ్బై ఏళ్ల నాయనమ్మ చీపురు పట్టుకుంటే “నీకెందుకే, కూర్చో!” అని లాక్కుంటాం. తాతయ్య సంచీ తీసుకుని అంగడికి బయలుదేరితే “నేను బండి మీద వెళ్లి వస్తాగా!” అంటాం. ఇది ప్రేమే. ఇరుగుపొరుగు వారు “పెద్దావిడచేత పని చేయిస్తున్నారు” అంటారేమోనన్న భయం కూడా ఉంటుంది. కాని ఇలా ఒక్కొక్క పనీ లాక్కుంటూ పోతే, రెండేళ్లలో ఆ పని చేయగల శక్తినే లాక్కున్నవాళ్లమవుతాం. వాళ్లకు ఇష్టమైన, శక్తికి లోబడిన పనిని వాళ్లకు ఉంచడమే అసలైన సేవ.

ఎంత? ఎలా?

అరవై ఐదేళ్లు దాటినవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా ఇది. వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థాయి శ్రమ ఉండాలి. వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని ఉండాలి. మూడు రోజులైనా తూకాన్ని, బలాన్ని కలిపి పెంచే అభ్యాసం ఉండాలి. అంత చేయలేనివారు చేయగలిగినంత చేయాలి. ఏమీ చేయకపోవడం కంటె కొంచెం చేయడం ఎంతో మేలు.

మధ్యస్థాయి శ్రమ అంటే కొలవడం ఎలా? నడుస్తూ మాట్లాడగలగాలి, కాని పాట పాడలేకపోవాలి. అదే కొలత! రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు నడిస్తే 150 నిమిషాలు సరిపోతాయి. ఒకేసారి నడవలేకపోతే పది నిమిషాల చొప్పున మూడుసార్లు నడవవచ్చు. బలానికి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడను రెండు చేతులతో నెట్టడం, చెంబులో నీళ్లు పోసి ఎత్తి దించడం చాలు. ఇంట్లో గుమ్మానికి నాలుగు మెట్లుంటే అదే వ్యాయామశాల.

జాగ్రత్తలు మరవకండి. రెంటచింతల ఎండలకు ప్రసిద్ధి కదా! మన ప్రాంతంలో మార్చి నుంచి జూన్ వరకు తెల్లవారుజామునో, పొద్దువాలాకో నడవాలి, నీళ్లు తాగాలి. గుండెజబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారు, ఎన్నేళ్లుగానో కదలనివారు మొదలుపెట్టే ముందు డాక్టరును అడగాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఆయాసం ఎక్కువ కావడం జరిగితే వెంటనే ఆపి డాక్టరును చూడాలి. రోడ్డు పక్క నడిచేటప్పుడు వాహనాలకు ఎదురుగా నడవాలి. కండ పెరగాలంటే పప్పు, పాలు, గుడ్డు, వేరుసెనగ వంటి మాంసకృత్తులున్న ఆహారం కూడా కావాలి. పచ్చడి మెతుకులతో కండ రాదు.

మీరే చేసి చూడండి

సెలవుల్లో ఈ పరీక్ష మీ ఇంట్లో చేయండి. కావలసినవి: చేతులు లేని గట్టి కుర్చీ ఒకటి, సెకన్లు చూపే గడియారం, కాగితం, పెన్సిలు.

కుర్చీని గోడకు ఆనించండి. తాతయ్యను గాని, నాయనమ్మను గాని దానిలో కూర్చోబెట్టి, రెండు చేతులూ ఛాతీమీద అడ్డంగా పెట్టుకోమనండి. మీరు “ఊఁ” అనగానే వాళ్లు పూర్తిగా లేచి నిలబడి తిరిగి కూర్చోవాలి. 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచారో లెక్కపెట్టండి. పక్కన ఒక పెద్దమనిషి తప్పకుండా నిలబడాలి. కళ్లు తిరిగేవారిచేత, నొప్పితో ఉన్నవారిచేత, వద్దన్నవారిచేత చేయించకూడదు.

అరవై నుంచి అరవై నాలుగేళ్ల పురుషుడు 14 సార్లు, స్త్రీ 12 సార్లు లేవగలగాలి. డెబ్బై నుంచి డెబ్బై నాలుగేళ్ల వారిలో పురుషుడు 12, స్త్రీ 10. ఎనభై నుంచి ఎనభై నాలుగేళ్ల వారిలో పురుషుడు 10, స్త్రీ 9. ఇంతకు తగ్గితే పడిపోయే ప్రమాదం ఎక్కువని అర్థం. ఈ సంఖ్య చూసి భయపెట్టకండి, ఎగతాళి అసలే చేయకండి. తేదీ వేసి రాసి పెట్టండి. ఎనిమిది వారాలపాటు రోజు విడిచి రోజు, శక్తి మేరకు, లేచి కూర్చోవడం అభ్యాసం చేయించి మళ్లీ లెక్కపెట్టండి. రెండు సంఖ్యలనూ మీ సైన్సు నోట్సులో గ్రాఫుగా గీసి మీ మాస్టారికి చూపించండి. తరగతిలో అందరి ఫలితాలనూ కలిపి చూస్తే అది చిన్న పరిశోధనే అవుతుంది.

మీ సంగతి మరిచారా?

ఇదంతా ముసలివాళ్ల గొడవ, మనకేమిటి అనుకుంటున్నారా? ఎముక నిల్వ ముప్పై ఏళ్లలోపే గరిష్ఠానికి చేరుతుందని చెప్పుకున్నాం. దానిలో ఎక్కువ భాగం సమకూరేది సరిగ్గా మీ వయసులోనే. ఇప్పుడు మీరు ఎంత కూడబెట్టుకుంటే డెబ్బయ్యో ఏట అంత ఖర్చు పెట్టుకోగలుగుతారు. మీ వయసు వారికి రోజుకు సగటున అరవై నిమిషాల ఆట, పరుగు, శ్రమ అవసరమని ఆ సంస్థే చెప్పింది. పదో తరగతి పరీక్షలున్నాయని ఆటల పీరియడును లెక్కల పీరియడుగా మార్చడం వల్ల కలిగే నష్టం మార్కుల జాబితాలో కనబడదు. యాభై ఏళ్ల తరువాత కనబడుతుంది.

కనుక ఈ సాయంత్రం పుస్తకం మూసి మీ తాతయ్య దగ్గరకు వెళ్లండి. “తాతయ్యా, చెరువుకట్ట దాకా వెళ్లి వద్దాం రా” అని పిలవండి. ఆయన అడుగుకు మీ అడుగు కలిపి నెమ్మదిగా నడవండి. పాత రోజుల్లో ఆ కట్టమీద ఏ చెట్లుండేవో, పత్తి ఎలా తీసేవారో అడగండి. నడుస్తూ మాట్లాడగలుగుతున్నారంటే మోతాదు సరిగ్గా ఉన్నట్లే!